ఇంటర్వెల్‌లో వాడితో ఆడేదెవరు?

ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. అందులో 1,136 సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు), 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో పదిమందికి ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. కాంట్రాక్టు కొలువుల మీద ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చిన పనికి రెగ్యులర్ పోస్టులు రావడం మాలాంటి తల్లిదండ్రులకు చిన్న సంగతి కాదు. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెబుతున్నాను. ఇక నేను రాయదలచుకున్నది, ఆ పోస్టులోకి వచ్చిన టీచరు బడిలో ఏ పని చేయాలన్న దాని గురించి.

మాది ఒంగోలు. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆటిజం ఉంది. ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. చదవడం వచ్చు, లెక్కలు ఇష్టం. మాటలు వచ్చుగాని మనం వాడే తీరులో వాడడు. కొత్త మనిషి కనబడితే పేరు అడగడు, "మీది ఏ స్టేషను?" అని అడుగుతాడు. విజయవాడ నుంచి గూడూరు దాకా రైలు స్టేషన్లు వాడికి కంఠతా వచ్చు. తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు... మధ్యలో ప్యాసింజరు మాత్రమే ఆగే చిన్న స్టేషన్లు కూడా వదలడు. పెద్దవాళ్ళు నవ్వి, తల నిమిరి వెళ్ళిపోతారు. తరగతిలో పిల్లలు మొదట్లో నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, కొన్నాళ్ళకు పట్టించుకోవడమే మానేశారు. ఒక్క పిల్లవాడు మాత్రం "మాది టంగుటూరు" అన్నాడు. వాళ్ళ అమ్మమ్మగారి ఊరట. అప్పటినుంచి మావాడు బడికి వెళ్ళగానే ముందు ఆ పిల్లవాణ్ణి వెతుక్కుంటాడు. అతను రాని రోజున ఇంటికొచ్చి "టంగుటూరు రాలేదు" అని చెబుతాడు.

"మీది ఏ స్టేషను?" అన్నది మావాడు పెట్టే నమస్కారం. దానికి బదులు చెప్పాలని ఆ పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు. అతనికి తోచింది, చెప్పాడు. మా పిల్లల స్నేహాలు ఇలా ఎవరికో ఏదో తోచడం మీద ఆధారపడి ఉండటమే నా బాధ.

ఆటిజం ఉన్న పిల్లలకు నలుగురితో కలవడం నేర్పాలని అందరూ అంటారు. ఎలా నేర్పుతున్నామో చూడండి. పిల్లవాణ్ణి తరగతిలోంచి బయటికి తీసుకొస్తాం. ఒక చిన్న గదిలో, ఒక బల్ల ముందు, ఒక పెద్దమనిషికి ఎదురుగా కూర్చోబెడతాం. "హలో చెప్పు, కళ్ళలోకి చూడు, నీ పేరేంటి అని అడుగు" అంటాం. పిల్లవాడు నేర్చుకుంటాడు కూడా. ఆ గదిలో, ఆ టీచరుతో చక్కగా అంటాడు. మర్నాడు బడిలో ఇంటర్వెల్ గంట కొట్టాక వరండాలో ఎవరి దగ్గరికో వెళ్ళి అదే మాట అంటే అవతలి పిల్లలు అప్పటికే పరుగెత్తి ఆటలో మునిగి ఉంటారు. మూడుసార్లు అడిగినా జవాబు రానివాడు నాలుగోసారి ఎందుకు అడుగుతాడు? మనమైనా అడుగుతామా?

థెరపీని తక్కువచేసి ఈ మాట అనడం లేదు. స్పీచ్ థెరపీ వల్లే మావాడు దాహమేస్తే నీళ్ళు అడగడం, నొప్పి ఎక్కడుందో చెప్పడం నేర్చుకున్నాడు. వాడికి నేర్పిన అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. కానీ స్నేహానికి ఇద్దరుండాలి కదా, ఆ ఇద్దరిలో ఒకరికే పాఠం చెప్పి రెండోవారిని వదిలేస్తున్నాం.

మనదేశంలో ఆటిజం నిర్ధారణకు వాడే ఐ.ఎస్.ఎ.ఎ. కొలమానం మన తెలుగు నేల మీద, సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో తయారైంది. అందులో 40 అంశాలుంటాయి. కళ్ళలోకి చూస్తాడా, పలకరిస్తే నవ్వుతాడా, ఒంటరిగా ఉండిపోతాడా, ఇతరులతో కలుస్తాడా అని ఒక్కొక్కటే అడిగి మార్కులు వేస్తారు. ఆ మార్కుల మీదనే సదరం సర్టిఫికెట్‌లో వైకల్య శాతం పడుతుంది. నిర్ధారణకు అది అవసరమే, పిల్లవాణ్ణి కొలవాల్సిన చోట పిల్లవాణ్ణే కొలవాలి. సర్టిఫికెట్ చేతికి వచ్చాక కూడా బడి అవే ప్రశ్నల దగ్గర ఆగిపోవడంతోనే చిక్కు వస్తోంది. ఇతరులు వీడి దగ్గరికి వస్తున్నారా, వీడు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగుతున్నారా, ఆటలోకి పిలుస్తున్నారా అని అడిగేవాళ్ళు లేరు.

దీని మీద ఒక మంచి పరిశోధన ఉంది. అమెరికాలో కోనీ కసారి, ఆమె సహచరులు మామూలు బడుల్లో చదివే, ఆటిజం ఉన్న 60 మంది పిల్లల మీద చేసి 2012లో ప్రచురించారు. కొందరి విషయంలో ఆ పిల్లవాడికే విడిగా మెలకువలు నేర్పారు. కొందరి విషయంలో అతని జోలికి పోకుండా, అదే తరగతిలో ముగ్గురు పిల్లలకు నేర్పారు. ఒంటరిగా ఉన్నవాళ్ళను ఎలా గమనించాలి, ఆటలోకి ఎలా తీసుకురావాలి అని. తోటిపిల్లలకు నేర్పిన చోట మంచి మార్పు కనబడింది. తరగతిలో ఆ పిల్లలను స్నేహితులని చెప్పుకునేవాళ్ళు పెరిగారు, ఆటస్థలంలో ఒంటరిగా తిరగడం తగ్గింది. విడిగా కూర్చోబెట్టి నేర్పిన చోట అంత మార్పు రాలేదు. ఒకటి మాత్రం చెప్పాలి, వాళ్ళందరూ మాట వచ్చి మామూలు తరగతిలో కూర్చోగలిగిన పిల్లలు. ఇంకా మాట రాని పిల్లలకు, సాయం ఎక్కువ కావలసిన పిల్లలకు ఇదొక్కటే సరిపోతుందని నేను చెప్పను. అయినా మన బడుల్లో ఇప్పటికే కూర్చుని ఉన్న వేలమందికి ఇది ఎంత చవకైన, ఎంత దగ్గరి దారో చూడండి. దీనికి కొత్త గది అక్కర్లేదు, కొత్త పరికరమూ అక్కర్లేదు.

ఈ దారి ఎందుకు పనిచేస్తుందో కూడా కొంత తెలిసింది. తనకే ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డామియన్ మిల్టన్ 2012లో ఒక మాట అన్నాడు. ఆటిజం ఉన్నవాళ్ళకు ఇతరుల మనసు అర్థం కాదంటారుగాని, ఇతరులకు వాళ్ళ మనసు అర్థం కాకపోవడం కూడా అంతే ఉంది, పొరపాటు రెండువైపులా జరుగుతోంది అని. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షించి చూసింది. ఒక కథను ఒకరి నుంచి ఒకరికి వరసగా చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసలో కథ ఎంత చక్కగా సాగిందో, ఎవరికీ ఆటిజం లేని వరసలోనూ అంతే చక్కగా సాగింది. రెండు రకాలవాళ్ళనూ కలిపిన వరసలోనే కథలో ముక్కలు ఎక్కువగా జారిపోయాయి. అంటే మావాడికి మాట చేరవేయడం రాదనుకోవడం సగం నిజమే. వాడి మాట అందుకోవడం మనకు రాకపోవడం మిగతా సగం.

తోటిపిల్లలకు నేర్పడమంటే సభ పెట్టి ఉపన్యాసం ఇవ్వమని కాదు. ఆటిజం అంటే ఏమిటో నిర్వచనం రాయించి, బల్ల మీద నిలబెట్టి "వీడికి ఆటిజం" అని చూపించమనీ కాదు. ఆ పని దయచేసి ఎవరూ చేయవద్దు. పిల్లలకు చెప్పవలసినవి చాలా చిన్నవి. ముందు పేరు పెట్టి పిలిచి, తర్వాత మాట చెప్పండి. ఒక ప్రశ్న అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి, ఈలోగా రెండో ప్రశ్న వేయవద్దు. వెనకనుంచి వచ్చి పట్టుకోవద్దు. ఆట నియమం నోటితో చెప్పడం కన్నా ఒకసారి ఆడి చూపించండి. చెవులు మూసుకుంటే పొగరనుకోవద్దు, చప్పుడు ఎక్కువైందని అర్థం. మీ కళ్ళలోకి చూడకపోయినా వింటూనే ఉంటాడు. వాడికి ఇష్టమైన దాని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఎనిమిదేళ్ళ పిల్లలకు ఇవన్నీ అర్థమవుతాయి. పెద్దవాళ్ళకంటే త్వరగా అర్థమవుతాయని నేను కళ్ళారా చూశాను.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్రతి తరగతిలోనూ బుద్ధిమంతురాలైన ఒక అమ్మాయి ఉంటుంది. టీచరు చూపు ముందు ఆమె మీదనే పడుతుంది. "వాణ్ణి నువ్వు చూసుకో అమ్మా" అని అప్పగిస్తారు. ఆ పిల్ల ఇంటర్వెల్ అంతా వాడి చెయ్యి పట్టుకుని తిరుగుతుంది, తన ఆట తాను పోగొట్టుకుంటుంది, ఏడాది తిరిగేసరికి వాడికి స్నేహితురాలు కాకుండా ఆయా అవుతుంది. అది ఆ అమ్మాయికి అన్యాయం, మావాడికీ మంచిది కాదు. ముగ్గురో నలుగురో ఉండాలి, కొన్ని వారాలకు ఒకసారి మారాలి, మగపిల్లలూ ఉండాలి.

రెండోది ఇంకా ముఖ్యం. కొందరు పిల్లలు మావాళ్ళతో ఆడరు, మావాళ్ళను ఆడిస్తారు. ఆ మాట ఇంకోసారి అను అంటారు, టీచరు దగ్గరికెళ్ళి ఫలానా తిట్టు తిట్టు అంటారు, చెప్పు తీసి నెత్తిన పెట్టుకో అంటారు. మావాళ్ళు చేస్తారు, చుట్టూ అందరూ నవ్వుతారు, మావాళ్ళూ నవ్వుతారు. దూరంనుంచి చూసే టీచరుకు పిల్లలంతా కలిసి సరదాగా ఉన్నట్టే కనబడుతుంది. అందరూ నవ్వుతున్నారు గనుక స్నేహమే అనుకుంటారు. ఈ తేడా పసిగట్టడం నేర్పకుండా తోటిపిల్లలతో కలపడం మొదలుపెడితే మేలు కన్నా కీడే జరగవచ్చు. స్పెషల్ టీచరు వరండాలో, ఆటస్థలంలో నిలబడి చూడవలసినది దీన్నే. వాడి వంతు వాడికి వస్తోందా, వద్దంటే ఆపుతున్నారా, వాడు వెళ్ళిపోతానంటే వెళ్ళనిస్తున్నారా? ఈ మూడింటికీ అవునని జవాబు వస్తే అది ఆట.

ఆటల గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మా ఇంట్లో మార్పు అక్కడే మొదలైంది. బడిలో ఆట అనగానే కబడ్డీ, ఖోఖో, క్రికెట్టు గుర్తొస్తాయి. అరుపులు, తోపులాట, క్షణానికొకసారి మారే పరిస్థితి, ఎవరు ఎటు పరుగెడతారో తెలియని గందరగోళం. మావాడికి అది ఆటగా అనిపించదు, భయంగా అనిపిస్తుంది. మా అత్తగారు వాడితో అష్టాచెమ్మా ఆడటం మొదలుపెట్టారు. గడులు గీసిన పలక, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది, మళ్ళీ వేసే వంతు వస్తుంది. ఎవరి వంతు ఎప్పుడో కంటికి కనబడుతుంది, గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వంతు. అడగాల్సిన పని లేదు, ముఖం చూసి ఊహించాల్సిన పని లేదు. ఎదుటివాడి కాయను చంపవచ్చు, మన కాయ చావవచ్చు, అయినా ఆట ఆగదు. ఓడిపోవడమనేది ఇంత చిన్న మోతాదులో, ఇంత భద్రంగా నేర్పే బడి ఇంకోటి నాకు కనబడలేదు. మొదట్లో కాయ చస్తే గవ్వలు విసిరేసేవాడు. అత్తగారు ఏమీ అనకుండా గవ్వలు ఏరి మళ్ళీ పలక మధ్యలో పెట్టేవారు. కొన్ని నెలలకు విసరడం తగ్గింది. ఆ తర్వాత ఆదివారాలు టంగుటూరు అబ్బాయిని ఇంటికి పిలిచాం. అరగంట ఆడి, ఇద్దరికీ ఇంకా ఆడాలని ఉండగానే ముగించేవాళ్ళం. మాట్లాడుకున్నది తక్కువే, "నీది", "నాది", "ఎనిమిది" అంతే. అది సంభాషణే కదా మరి!

వైకుంఠపాళి, పులీమేకా, దాడి, వామనగుంటలు, వీటిలో ఏదైనా సరే. నియమం స్థిరంగా ఉండి, వంతు కంటికి కనబడే ఆటలు మన ఇళ్ళల్లో ఎన్నో ఉన్నాయి. ప్రతి బడిలో ఇంటర్వెల్‌లో వరండా మూలన ఒక చాప, రెండు పలకలు, గవ్వలు, చింతగింజలు పెడితే చాలు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మందలో పరుగెత్తలేని పిల్లలు, కాలు నొప్పి ఉన్నవాళ్ళు, కొత్తగా బడిలో చేరి ఇంకా ఎవరూ తెలియనివాళ్ళు కూడా అక్కడికి చేరతారు. శనివారాల నో బ్యాగ్ డే దీనికి చక్కటి అవకాశం. పీఈటీ మాస్టార్లకు ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇది నేను దయతలచి అడుగుతున్నది కాదని కూడా చెప్పాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. అంతకు ముందు 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు. కొత్త చట్టంలోని 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, చదువుతోపాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లో కూడా ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతుంది. ఆట అన్న మాట చట్టంలోనే ఉంది! స్పోర్ట్స్ డే నాడు "మీవాణ్ణి ఆరోజు పంపకండి, గొడవగా ఉంటుంది" అని చెప్పే బడి చట్టాన్ని దాటుతోందని ఆ బడికి తెలియదు, తల్లికీ తెలియదు. ప్రైవేటు బడుల్లో సీటు ఇవ్వకపోవడం, ఇచ్చినా "పక్కన కూర్చోవడానికి మనిషిని మీరే పెట్టుకోండి, జీతం మీరే ఇచ్చుకోండి" అనడం మా తల్లిదండ్రులందరికీ అనుభవమే. జిల్లా విద్యాశాఖాధికారులు గుర్తింపు పునరుద్ధరించేటప్పుడు ఈ సెక్షన్ గురించి ఒక్క ప్రశ్న వేసినా పరిస్థితి మారుతుంది.

మధ్యాహ్న భోజనం గురించీ రాయాలి. నలుగురితో కలవడానికి బడిలో ఆట తర్వాత అంతటి చోటు అదే. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న పథకం అది, ఆకలితో వచ్చినవారిని కాదనకుండా అన్నం పెట్టిన తల్లి పేరు. ఆ పూట మావాడికి రోజులో కష్టమైన ఘట్టం. స్టీలు పళ్ళేల చప్పుడు, ఒకేసారి వందమంది మాటలు, వరసలో ముందువెనకల తోపులు, కోడిగుడ్డు వాసన. కొందరు పిల్లలకు కొన్ని వాసనలు, కొన్ని మెత్తదనాలు నిజంగానే భరించరానివి, అది పేచీ కాదు. "ప్రభుత్వం ఇస్తోంది, తినాలి" అని నోట్లో కుక్కకూడదు. గంటకు అయిదు నిమిషాల ముందే ఇద్దరు తోటిపిల్లలతో కలిసి వెళ్ళి ఒక మూలన కూర్చునే వీలిస్తే మావాడు తింటాడు. ఒంటరిగా వేరే గదిలో కూర్చోబెట్టినా తింటాడు, కానీ అలా తిన్న భోజనంలో పొట్ట నిండటమే తప్ప ఇంకేమీ ఉండదు. వంట చేసే అక్కలకు, ఆయాలకు కూడా పది నిమిషాల మాట చెబితే చాలు, వాళ్ళు మనసుపెట్టి చూసుకుంటారు.

మేం ఇంట్లో మా పని చేస్తూనే ఉన్నాం. మర్నాడు ఏం జరుగుతుందో రాత్రే బొమ్మలు గీసి గోడకు అంటిస్తాం. పెళ్ళికి వెళ్ళాలంటే ముందు రోజు ఖాళీ మండపం చూపించి వస్తాం. డీజే మొదలయ్యే ముందే బయటికి వచ్చేస్తాం. అయినా ఈ రాష్ట్రంలో ఆటిజం ఉన్న బిడ్డ తల్లి వినే మొదటి మాట ఏమిటో మీకు తెలుసా? "ఫోను చేతికిచ్చి వదిలేసుంటావు." రెండోది, "ఉద్యోగం చేస్తున్నావుగా, మాట్లాడేవాళ్ళు లేక ఇలా అయ్యాడు." తల్లినే వేలెత్తి చూపడం మన ఊళ్ళో పుట్టిన జబ్బేం కాదు. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజాన్ని వైద్యలోకానికి పరిచయం చేశాక, తల్లుల మనసులు మంచులా చల్లగా ఉండటం వల్లే పిల్లలు ఇలా అవుతారని అమెరికాలో చాలాకాలం నమ్మారు. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో దానిమీద ఏకంగా పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే, ఆటిజం ఉన్న కొడుకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అది తప్పని, ఆటిజానికి పుట్టుకతో వచ్చే శారీరక కారణాలున్నాయని వాదిస్తూ రాశాడు. శాస్త్రం ఆ నింద వదిలేసి దశాబ్దాలైంది. బంధువుల ఇళ్ళల్లో, బడి వరండాల్లో ఇంకా వదల్లేదు. నింద పడిన తల్లి బిడ్డను నలుగురిలోకి తీసుకెళ్ళడం మానేస్తుంది. నలుగురిలోకి వెళ్ళని బిడ్డకు నలుగురూ ఎలా అలవాటవుతారు?

అందుకే మీ మెగా పేరెంట్ టీచర్ మీటింగును ఇందుకు వాడమని అడుగుతున్నాను. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రులు టీచర్లతో కూర్చున్నారు. మళ్ళీ అలాంటి రోజున అన్ని బడుల్లో పది నిమిషాలు ఈ విషయానికి ఇవ్వండి. మా పిల్లల గురించి మాకు చెప్పనక్కర్లేదు, మిగతా పిల్లల అమ్మానాన్నలకు చెప్పండి. ఇది అంటుకునేది కాదు, మీ పిల్లల చదువు పాడవదు, పుట్టినరోజుకు పిలిస్తే వస్తాడు, కేకు కోసేటప్పుడు బెలూన్లు పేల్చకుండా ఉంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021కి వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. కొన్ని వందలమంది చదివే బడిలో అలాంటి పిల్లలు సగటున ఇద్దరు ముగ్గురు ఉంటారు, సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా.

ఇక కొత్త టీచర్ల పని సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి రిసోర్స్ టీచర్లు ఎంత తక్కువ వసతులతో ఎంత ఓర్పుగా పనిచేస్తారో నాకు తెలుసు. ఫిజియోథెరపీ అవసరమైన పిల్లలకు, తీవ్రమైన వైకల్యం ఉన్నవారికి ఆ కేంద్రాలు ఉండి తీరాలి. కానీ రెగ్యులర్ పోస్టులు వచ్చాక కూడా స్పెషల్ టీచరంటే పిల్లవాణ్ణి తరగతిలోంచి తీసుకెళ్ళి వేరే గదిలో కూర్చోబెట్టే మనిషే అయితే, మనం డబ్బు పెట్టి మా పిల్లలను తోటివారి నుంచి మరింత చక్కగా విడదీసినట్టే. క్లాస్ టీచరు కూడా "వాడి సంగతి ఆవిడ చూసుకుంటుంది" అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ పోస్టుల విధుల ఉత్తర్వులో ఒక వాక్యం రాయించండి: పని గంటల్లో కనీసం సగం మామూలు తరగతిలో, ఇంటర్వెల్‌లో, భోజనం దగ్గర, ఆటస్థలంలో గడపాలి. తోటిపిల్లలకు నేర్పడం ఆ టీచరు డ్యూటీలో భాగం కావాలి, ఉత్సాహం ఉంటే చేసే అదనపు పనిగా మిగలకూడదు. తనిఖీకి వచ్చే మండల విద్యాధికారి (ఎంఈఓ) రిజిస్టరులో పిల్లవాడు ఎన్ని అక్షరాలు నేర్చాడో చూసినట్టే, ఈ వారం ఎవరితో ఆడాడో కూడా చూడాలి.

ఆటిజం ఉన్న బిడ్డల తల్లిదండ్రులు రాత్రిపూట నిద్రపట్టక అనుకునే మాట ఒక్కటే: మా తర్వాత వీడెలా? పద్దెనిమిదేళ్ళు నిండాక సంరక్షకులను నియమించడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దారి చూపిస్తుంది. ఆ కాగితాలు మేం తయారుచేసుకుంటాం. కాగితం మీద ఒకరి పేరు ఉంటుంది, బజారులో వందమంది ఎదురవుతారు. ఇరవై ఏళ్ళ తర్వాత మావాడు బస్సెక్కితే టికెట్టు కొట్టే కండక్టరు, బ్యాంకు కౌంటరులో కూర్చునే ఉద్యోగి, రోడ్డు మీద చేతులాడిస్తూ నడుస్తున్నాడని ఆపి ప్రశ్నించే కానిస్టేబులు, వాణ్ణి పనిలో పెట్టుకోవాలా వద్దా అని ఆలోచించే షాపు యజమాని, వీళ్ళందరూ ఈరోజు ఈ రాష్ట్రంలో ఏదో ఒక బడిలో నాలుగో తరగతి చదువుతున్నారు. కండక్టరు ఉద్యోగంలో చేరాక ఆయనకు శిక్షణ ఇవ్వాలంటే చాలా కష్టం. ఎనిమిదేళ్ళప్పుడు చాప మీద పక్కన కూర్చుని గవ్వలు వేసినవాడికి ఆ శిక్షణ అవసరమే ఉండదు.

కొత్త టీచర్లకు శిక్షణ పాఠ్యం రాసేటప్పుడు నిపుణులను పిలుస్తారని తెలుసు. మమ్మల్ని కూడా పిలవండి. ఆటిజంతో పెరిగి పెద్దవాళ్ళయినవారిని తప్పకుండా పిలవండి. బడిలో తమకు ఏది గుచ్చుకుందో, ఎవరు ఏ మాట అంటే ఊరట కలిగిందో వాళ్ళ కన్నా బాగా చెప్పగలిగినవారు లేరు. కొందరు మాట్లాడతారు, కొందరు రాసి ఇస్తారు, కొందరికి రెండు రోజుల ముందే ప్రశ్నలు పంపాలి. సమావేశం చిన్న గదిలో, మైకు లేకుండా, ట్యూబులైటు గుయ్యిమనకుండా ఉంటే మంచిది. జూన్‌లో బడులు తెరిచేలోపు ఆ పాఠ్యం టీచర్ల చేతుల్లో ఉండాలంటే వేసవి సెలవుల్లోనే కూర్చోవాలి. ఒంగోలు నుంచి మేం అయిదారుగురు తల్లిదండ్రులం ఎప్పుడు రమ్మంటే అప్పుడు విజయవాడ వస్తాం. పిల్లలను వెంటబెట్టుకునే వస్తాం. మావాడు మిమ్మల్ని మీ స్టేషను అడుగుతాడు, దయచేసి చెప్పండి.

ఇట్లు
నాలుగో తరగతి విద్యార్థి తల్లి
ఒంగోలు